అంబాసిడర్‌ను తిన్నగా నడిపే దారం

ముందు టైరు మీద అరచెయ్యి ఆనించి లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి నిమిరి చూడండి. ఒకవైపు నున్నగా జారి, ఎదురు దిక్కున రంపం పళ్లలా తగిలిందంటే ఆ చక్రం దొర్లడంతో పాటు పక్కకు ఈడ్చుకుపోతోందన్నమాట. పాత కార్ల పని తెలిసిన మెకానిక్ పరీక్ష ఇలా చేత్తోనే మొదలవుతుంది. స్పానరు వంతు తర్వాత.

ఇంగ్లండులో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ మన అంబాసిడర్‌కు మూలం. 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ మొదలుపెట్టిన తయారీ 2014 దాకా సాగింది. దీని ముందు భాగం బరువు మోసేది టార్షన్ బార్. కారు అడుగున నిడివిగా అమర్చిన ఉక్కు కడ్డీ అది. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా తడిబట్ట పిండినట్టు మెలితిరిగి మళ్లీ సర్దుకుంటుంది. అలెక్ ఇసిగోనిస్ రూపొందించగా 1948లో వచ్చిన మోరిస్ మైనర్‌లో ఉన్నవీ ఇవే: టార్షన్ బార్లు, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్. ఈ అమరిక నిక్కచ్చిగా ఉంటే అంత బరువైన కారు కూడా మలుపులో మాట వింటుంది. తప్పితే డ్రైవరు భుజాలు పట్టేస్తాయి, టైర్లు అరిగిపోతాయి.

నడకను నిర్ణయించేవి మూడు కోణాలు: టో, క్యాంబర్, క్యాస్టర్.

రెండు ముందు చక్రాల ముందంచుల మధ్య దూరం వెనకంచుల మధ్య దూరం కంటే కాస్త తక్కువగా ఉంటే దాన్ని టో-ఇన్ అంటారు. వెనక చక్రాలు తోస్తే నడిచే కారులో, రోడ్డు ఒరిపిడి ముందు చక్రాలను వెనక్కి నెట్టి కొద్దిగా బయటికి తెరుస్తుంది. ఆగి ఉన్నప్పుడే ఆ మేరకు లోపలికి తిప్పి ఉంచితే పరుగులో రెండూ సమాంతరమవుతాయి. ఆ తరం కార్లకు సాధారణంగా ఒకటిన్నర నుంచి 3 మిల్లీమీటర్లు చాలు. అవసరానికి మించి ఇంకో 6 మిల్లీమీటర్లు చేరాయనుకోండి. 65 సెంటీమీటర్ల టైరు మీద లెక్క కడితే, ఒక్కో చక్రం కిలోమీటరుకు దాదాపు నాలుగున్నర మీటర్లు పక్కకు రాసుకుపోతుంది. 10,000 కిలోమీటర్లు తిరిగేసరికి అది 45 కిలోమీటర్లు. కొత్త టైరు ఏడాదికే ఎందుకు బోడి అయిందో ఈ లెక్కే చెబుతుంది.

ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం తల బయటికో లోపలికో వాలి ఉండటం క్యాంబర్. వాలు రెండు వైపులా ఒకేలా లేకపోతే కారు ఒక పక్కకు లాగుతుంది. ఇక క్యాస్టర్ కంటికి కనిపించదు. చక్రం ఏ ఇరుసు చుట్టూ పక్కకు తిరుగుతుందో ఆ ఇరుసు పైభాగం వెనక్కి వాలి ఉండటమే క్యాస్టర్. సైకిల్ హ్యాండిల్ కింది గొట్టం వాలు చూస్తే సంగతి అర్థమవుతుంది. చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోవడానికి ఆ వాలు కూడా ఒక కారణం. మలుపు దాటాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు వస్తే అది క్యాస్టర్ చలవే.

కోణాల పేర్లు ఎవరైనా నేర్చుకోవచ్చు. పనితనమంతా వాటిని ఏ వరసలో చూస్తామన్న దాంట్లో ఉంది. "అన్నా, బండి ఎడమకు లాగుతోంది, అలైన్‌మెంట్ చేసెయ్" అనగానే టో మార్చే టై రాడ్ తిప్పేవాడు సగం మెకానిక్. టో చివరి పని. దానికి ముందు మూడు పనులున్నాయి.

మొదటిది ఎత్తు. టైర్లలో సరిపడా గాలి నింపి, కారును సమతలం మీద నిలిపి, ముందు రెండు వైపులా ఎత్తు కొలవాలి. ఏళ్ల తరబడి బరువు మోసిన టార్షన్ బార్ ఒకవైపు కుంగితే అటు క్యాంబర్ మారుతుంది, టో కూడా మారుతుంది. కడ్డీ పట్టును సరిచేసి ఎత్తు సమం చేయకుండా మిగతావి కొలిస్తే పునాది చూడకుండా గోడకు రసమట్టం పెట్టినట్టే.

రెండోది ప్లే, అంటే వదులు. చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి, టైరును పైనొక చేత్తో కిందొక చేత్తో పట్టుకొని ఊపాలి. కటకటలాడితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనాలి. అప్పుడు వదులు పోతే బేరింగ్‌ది తప్పు. పోకపోతే చక్రం పక్కకు తిరిగే ఇరుసు, అంటే కింగ్ పిన్, బుష్‌లు అరిగినట్టు. టైరును అటూ ఇటూ పక్కల పట్టి ఊపితే టై రాడ్ ఎండ్‌ల సంగతి బయటపడుతుంది. ఈ వదులు ఉండగా పెట్టిన కొలత మొదటి స్పీడ్ బ్రేకర్ దాకానే నిలుస్తుంది.

మూడోది క్యాంబర్. ఫెండర్ నుంచి తాపీమేస్త్రి తూకం గుండు వేలాడదీసి, రిమ్ము పైఅంచుకు, కిందిఅంచుకు దారం ఎంత దూరంలో ఉందో కొలవాలి. 40 సెంటీమీటర్ల రిమ్ము మీద 7 మిల్లీమీటర్ల తేడా అంటే ఒక డిగ్రీ. రెండు చక్రాలకూ పొంతన లేకపోతే ఏదో ఒక ఆర్మ్ వంగిందో, బుష్ నలిగిందో వెతికి పట్టుకోవాలి.

ఇప్పుడు టో. టైరు వెనక, ఇరుసు ఎత్తులో సుద్దముక్కతో గుర్తు పెట్టి, రెండు గుర్తుల మధ్య దూరం కొలవాలి. ఆ గుర్తులు ముందుకు వచ్చేదాకా కారును నెమ్మదిగా తోసి మళ్లీ కొలవాలి. రెండుసార్లూ కొలిచింది అవే గుర్తుల మధ్య కాబట్టి రిమ్ము వంకర లెక్కను చెడగొట్టదు. ఆపైన కారు రెండు పక్కలా, వెనక చక్రాల నుంచి ముందు దాకా, కారు మధ్యగీతకు సమాంతరంగా దారం లాగితే ఏ చక్రం ఎంత తప్పిందో విడివిడిగా తెలుస్తుంది. టై రాడ్‌లను రెండు వైపులా సమానంగా తిప్పాలి. లేకపోతే కారు తిన్నగా పోయినా స్టీరింగ్ వంకరగా కనిపిస్తుంది. తిప్పేటప్పుడు చక్రాల కింద గ్రీజు రాసిన రెండేసి రేకుముక్కలు పెడితే టైరు నేలను పట్టుకోకుండా తేలిగ్గా కదులుతుంది.

ఈ రోజుల్లో కంప్యూటర్ అలైన్‌మెంట్ నిమిషాల్లో అన్ని కోణాలూ చూపిస్తుంది. మంచిదే, వాడుకోండి. కానీ అది ఉన్న కోణాన్నే చూపుతుంది. ఆ కోణం ఎందుకు తప్పిందో కారు కింద పడుకొని చూసిన మనిషే చెప్పాలి. దారంతో కొలిచే మెకానిక్ ప్రతిసారీ కీళ్లన్నీ తడిమి చూస్తాడు కాబట్టి రోగం ముదరకముందే దొరుకుతుంది. ఆ విద్య అతనితో పోకూడదు. పక్కన పనిచేసే కుర్రవాడి చేతికి అందాలి.

పాత కారున్న ప్రతి ఒక్కరికీ నా మనవి ఇది. గ్రీజు నిపుల్స్‌కు వేళకు గ్రీజు కొట్టించండి. మీ కారు మాన్యువల్‌లోని కొలతలు రాసి డ్యాష్‌బోర్డులో ఉంచండి. ఈసారి అలైన్‌మెంట్‌కు వెళ్లినప్పుడు టై రాడ్ మీద స్పానరు పడకముందే చక్రాలు లేపి ప్లే చూడమని అడగండి.