చల్లబరచడం వేరు, సమంగా చల్లబరచడం వేరు

ఉన్నత పాఠశాలలో ఉష్ణాన్ని గురించి పాఠం చెప్పేటప్పుడు లోహపు గుండు, వలయం ప్రయోగం చూపడం పరిపాటి. చల్లగా ఉన్నప్పుడు వలయంలో దూరిన గుండు, వేడిచేసిన పిదప దూరదు. చల్లారితే మళ్ళీ దూరుతుంది. వేడి వల్ల వ్యాకోచం, చల్లదనం వల్ల సంకోచం కలుగుతాయని విద్యార్థి వ్రాసుకుంటాడు. ఈ ప్రయోగంలో తప్పు లేదు. కాని ఒక కొరత ఉన్నది. గుండు అంతటా ఒకే ఉష్ణోగ్రత ఉన్నట్లు, అది అన్ని వైపులా ఒకే తీరున చల్లారినట్లు మనం చెప్పకుండానే అనుకుంటున్నాం. నిత్యజీవితంలో వస్తువులు అలా చల్లారవు. ఈ కొరత ఎంతటిదో తెలుసుకోవడానికి ఒక ప్లాస్టిక్ పళ్ళెం చాలు.

విశాఖపట్నం జిల్లాలో గోస్తనీ నది ఒడ్డున ఉన్న తగరపువలస పేరు చెప్పగానే, పక్కనున్న చిట్టివలస జూట్ మిల్లు పెద్దలకు గుర్తు వస్తుంది. ఆ మిల్లు 2009లో మూతబడింది. నేడు ఆ ఊరి అంగళ్ళలో, తక్కిన ఊళ్ళలో వలెనే, ప్లాస్టిక్ పళ్ళేలు, డబ్బాలు, మూతలు దొంతరలుగా కనిపిస్తాయి. వాటిలో కొన్నింటిని బల్లమీద పెట్టి ఒక మూల నొక్కితే ఎదుటి మూల పైకి లేస్తుంది. కొన్ని మూతలు ఒకవైపు పడితే రెండవవైపు పడవు. “నాసిరకం సరుకు” అని కొనేవారు అంటారు. ఇది పూర్తి సమాధానం కాదు. సరుకు మేలైనదైనా, అచ్చులో చల్లారిన తీరు చెడితే వస్తువు వంకరపోతుంది.

ఇటువంటి వస్తువులను ఇంజెక్షన్ మోల్డింగ్ అనే పద్ధతిలో తయారుచేస్తారు. పాలీప్రొపిలీన్ గుళికలను సుమారు 200 నుండి 250 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి కరిగించి, ఆ ముద్దను గొప్ప ఒత్తిడితో ఉక్కు అచ్చులోనికి పంపుతారు. అచ్చులో తొలిచిన కాలువల గుండా నీరు పారుతూ వేడిని తీసుకుపోతుంది. గట్టిపడిన పిదప అచ్చు విప్పి వస్తువును బయటకు తీస్తారు. ఒక వస్తువు తయారుకావడానికి పట్టే కాలంలో సగానికి పైగా సాధారణంగా ఈ చల్లార్పుకే పోతుంది. ప్లాస్టిక్‌లో ఉష్ణవాహకత ఉక్కులో కంటె నూరు రెట్లకు పైగా తక్కువ కావడమే దీనికి కారణం.

చల్లారేటప్పుడు పాలీప్రొపిలీన్ పొడవులో నూటికి 1 నుండి 2.5 వంతుల వరకు ముడుచుకుంటుంది. దాని అణువులలో కొంత భాగం స్ఫటికాలుగా అమరడం ఇందుకు ముఖ్య కారణం. నెమ్మదిగా చల్లారిన వైపు స్ఫటికాలు ఎక్కువగా ఏర్పడతాయి, సంకోచమూ ఎక్కువ అవుతుంది. కనుక ఒక పలకలో ఒక ముఖం ముందుగాను, రెండవది ఆలస్యంగాను చల్లారితే, ఆలస్యంగా చల్లారిన వైపుకు పలక వంగుతుంది. విద్యార్థులు ఎరిగిన ద్విలోహపు పట్టీ వంగే సూత్రమే ఇది. అక్కడ లోహాలు రెండు; ఇక్కడ పదార్థం ఒక్కటే, చల్లారిన తీరులు రెండు.

ఎంత వంగుతుందో లెక్కకట్టి చూద్దాం. పలక పొడవు 200 మిల్లీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక ముఖం రెండవదానికంటె నూటికి 0.1 వంతు మాత్రమే ఎక్కువగా ముడుచుకున్నదనుకుందాం. పొడవులో తేడా 0.2 మిల్లీమీటరు, కంటికి కనిపించదు. వంపు వ్యాసార్ధం మందాన్ని 0.001తో భాగిస్తే వస్తుంది: 2,000 మిల్లీమీటర్లు. నడుమ ఏర్పడే ఎత్తు, పొడవు వర్గాన్ని వ్యాసార్ధానికి 8 రెట్లతో భాగించిన ఫలం: 40,000ను 16,000తో భాగిస్తే 2.5 మిల్లీమీటర్లు. కంటికి ఆనని తేడా ఇంత వంపును తెస్తుంది.

“అయితే ఇంకా చల్లని నీరు పంపితే సరి” అని తోచడం సహజం. గుండు, వలయం పాఠం నేర్పిన తలపే ఇది. కాని రెండు వైపులకూ చల్లదనం సమంగా అందనప్పుడు నీటిని మరింత చల్లబరచినంత మాత్రాన తేడా పోదు. విశాఖ తీరంలో మరొక చిక్కు కూడా ఉన్నది. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. చల్లని నీటి చెంబు బయట చెమర్చినట్లే, అతిగా చల్లబరచిన అచ్చు కూడా చెమరుస్తుంది. వస్తువుపై మచ్చలు పడతాయి, అచ్చుకు త్రుప్పు పడుతుంది.

మేలైన చల్లార్పు అంటే సమమైన చల్లార్పు. దానికి మార్గాలు ఉన్నాయి. నీటి కాలువలు వస్తువు ఆకారాన్ని అనుసరించి, ఉపరితలానికి సమదూరంలో ఉండాలి. డబ్బాకు లోపలి ఆకారమిచ్చే దిమ్మలో వేడి చిక్కుబడుతుంది కనుక అక్కడికి ప్రత్యేకంగా నీరు చేర్చాలి. నీరు నిదానంగా జారక సుడులు తిరుగుతూ పారాలి. ఈ రెండు ప్రవాహాల భేదాన్ని 1883లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ రంగునీటితో చూపాడు. ఉప్పునీటి వల్ల కాలువలో పేరుకునే గారను తొలగిస్తూ ఉండాలి. వస్తువు మందం అంతటా ఒకటిగా ఉండాలి. చల్లారే కాలం మందం వర్గాన్ని బట్టి మారుతుంది కనుక 2 మిల్లీమీటర్ల గోడకంటె 4 మిల్లీమీటర్ల గోడకు నాలుగు రెట్ల కాలం కావాలి. లోహపు పొడిని పొర మీద పొరగా కరిగించి అచ్చులు చేసే పద్ధతి వచ్చిన పిదప వంపులు తిరిగే కాలువలు కూడా సాధ్యమైనాయి. ఐతే వంకరకు చల్లార్పు ఒక్కటే కారణం కాదు. అచ్చులో ఒత్తిడి, ముద్ద ప్రవహించిన దిశ కూడా కారణాలే.

ఒకే వస్తువులో ఉష్ణోగ్రతలు వేరువేరుగా ఉంటాయన్న మాటను మరవడం పళ్ళెం వంకరతోనే ఆగదు. విశాఖపట్నంలో ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైన కర్మాగారం తరువాత ఎల్.జి. పాలిమర్స్ అయింది. పాలీస్టైరీన్ తయారీకి కావలసిన స్టైరీన్ ద్రవం అక్కడి తొట్టెలో నిలువ ఉండేది. స్టైరీన్ అణువులు తమంతట తాము కలిసి గొలుసులు కడుతూ వేడిని పుట్టిస్తాయి. ఆ వేడి చర్యను మరింత త్వరపరుస్తుంది. అందుకే దానిని చల్లగా ఉంచాలి, నిరోధకాన్ని కలపాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆ తొట్టె నుండి ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార సంఘం చూపిన లోపాలలో ఒకటి ఇది: తొట్టె అడుగున మాత్రమే ఉష్ణోగ్రతను కొలిచేవారు. నడుమ, పైన ఎంత ఉన్నదో తెలుసుకునే ఏర్పాటు లేదు. చల్లార్చే ఏర్పాటు కూడా చాలినది కాదు. అడుగున కొలిచిన అంకె అంతటికీ వర్తిస్తుందన్న నమ్మకం ఎంత ప్రమాదకరమో ఇంతకంటె చెప్పనక్కరలేదు.

కాబట్టి గుండు, వలయం ప్రయోగాన్ని మానవద్దు. దానికి మరొకటి చేర్చడం మంచిది. పిల్లలను ఇళ్ళనుండి ప్లాస్టిక్ మూతలు తెమ్మనండి. వాటిని గాజుపలకపై బోర్లించి, లేచిన అంచు కింద ఎన్ని కాగితాలు దూరుతాయో లెక్కించమనండి. నూరు కాగితాల మందాన్ని స్కేలుతో కొలిచి నూటితో భాగిస్తే ఒక కాగితం మందం తెలుస్తుంది. వంపు ఎంతో తేలుతుంది. పిదప “ఏ వైపు ఆలస్యంగా చల్లారి ఉంటుంది?” అని అడగండి. వేడిచేస్తే వ్యాకోచిస్తుందని చెప్పగలిగిన విద్యార్థి సూత్రం నేర్చుకున్నాడు. “ఉష్ణోగ్రత ఎక్కడ కొలిచారు?” అని అడిగే విద్యార్థి శాస్త్రం నేర్చుకున్నాడు.