రంగు తగ్గితేనే మెరుపు

దసరా దగ్గర పడుతుంటే విజయవాడ అపార్టుమెంట్లలో ఆదివారం పొద్దున్నే సెల్లార్‌లోంచి జుయ్‌మని చప్పుడు వస్తుంది. ఎవరో కారుకు పాలిష్ మిషన్ పట్టారన్నమాట. ఒకప్పుడు రబ్బింగ్ పాలిష్ కావాలంటే బండిని పటమట దాటించి ఆటోనగర్‌లో వదిలి రావాల్సిందే. ఇప్పుడు మిషను, రెండు ఫోమ్ ప్యాడ్లు, ఓ సీసా కాంపౌండ్ ఇంటికే తెప్పించుకుని లుంగీ ఎగగట్టి దిగిపోతున్నారు. దిగొచ్చు, అదేం బ్రహ్మవిద్య కాదు. (లుంగీ మాత్రం వద్దు. అంచు మిషన్‌కు చుట్టుకుందంటే పరువూ పోతుంది, పెయింటూ పోతుంది.) అయితే చాలామంది పాలిష్ అంటే కారుకు ఏదో పూయడం అనుకుంటారు. జరిగేది ఉన్న రంగును కాస్త అరగదీయడం.

ఇప్పటి కార్లలో అసలు రంగు మీద ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. మేస్త్రీలు దాన్ని క్లియర్ కోట్ అంటారు. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం 70 దాకా ఉంటుంది. అంటే వెంట్రుక కంటే పల్చటి పొరే ఎండనీ వాననీ కాస్తోంది. దాని మీద పడ్డ సన్న గీత ఒక లోయలాంటిది. వెలుతురు ఆ లోయ అంచుల మీద పడి చెదిరిపోతుంది కాబట్టే ఎండలో నల్లకారు మీద సాలెగూడు అల్లినట్టు గీతలు తేలతాయి. గీత పోవాలంటే దాని అడుగు మట్టానికి చుట్టుపక్కల పొరను దించాలి. ఒక మోస్తరు పాలిష్‌కు రెండు మూడు మైక్రాన్లు పోతాయి. ఏటా పండక్కి ఓసారి పట్టిస్తూ పోతే, కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న సామెత బానెట్ మీదే రుజువవుతుంది.

పాతకాలంలో ఈ భయం తక్కువ. 1920ల్లో అమెరికాలో డూపాంట్ కంపెనీ డూకో పేరుతో నైట్రోసెల్యులోజ్ లక్కర్ తెచ్చింది. 1924 మోడల్ ఓక్లండ్ కార్లకు అది వాడారు. అంతకుముందు ఒక కారుకు రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది, ఆ పని రోజుల్లోకి వచ్చింది. మన షెడ్లలో ఎన్‌సీ పెయింట్ అనేది ఆ జాతిదే. అది గన్ నుంచి వచ్చినప్పుడు మొద్దుగా, కాంతి లేకుండా ఉంటుంది. అందుకే రబ్బింగ్ అనేది పెయింటింగ్‌లోనే ఒక భాగమైంది. లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, కోటు మీద కోటు వేసి, ఆరాక వాటర్ పేపర్‌తో తడుపుతూ రుద్ది, ముతక కాంపౌండ్, ఆ తర్వాత మెత్తటి కాంపౌండ్, చివరికి మైనం. చేతిలో ఉండేది బనియన్ వేస్టే. అంబాసిడర్ డోరు ఒక్కటి మెరవడానికి భుజం పడిపోయేది.

ఆ మేస్త్రీలకు గుడ్డే కొలబద్ద. పైన క్లియర్ కోట్ లేని ఆ రంగుల్లో, రుద్దుతుంటే గుడ్డకు రంగు అంటుతుంది. ఎంత పోతోందో కంటికి కనిపిస్తుంది. రంగు మరీ చిక్కగా దిగుతుంటే చెయ్యి తేలిక చేస్తారు, అడుగున ప్రైమర్ ఛాయ మెరిసిందంటే ఆపేస్తారు. మెటాలిక్ కార్లు వచ్చాక ఆ గుర్తు పోయింది. క్లియర్ కోట్ అరిగినా గుడ్డకు అంటేది కాంపౌండ్ తెలుపే. పొర సగం పోయినా కారు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇంట్లో పాలిష్ పట్టేవాళ్లకు అసలు గండం ఇక్కడే ఉంది. మందం కొలిచే మీటర్ దొరుకుతుంది గానీ, అది లోహం మీద ఉన్న మొత్తం రంగును కలిపి చూపిస్తుంది, పైపొర ఎంతో విడిగా చెప్పదు. అయినా ఏ డోరు లోగడ రీపెయింట్ అయిందో దానితో పట్టేయవచ్చు. సెకండ్‌హ్యాండ్ కారైతే ఆ ఒక్క ఉపకారానికే అది కొనొచ్చు.

మిషన్లు రెండు రకాలు. ఆటోనగర్‌లో తరతరాలుగా నడుస్తున్నది రోటరీ. ఒకే ఇరుసు మీద గుండ్రంగా, నిమిషానికి 600 నుంచి 3000 చుట్లు తిరుగుతుంది. ఉన్ని ప్యాడ్ తొడిగితే లోతు గీతలను కూడా ఇట్టే లేపేస్తుంది. 1960ల నుంచి లారీలతో, బస్సులతో కుస్తీ పట్టిన చోట అలాంటి బలమైన పనిముట్టే నిలబడింది. కానీ రోటరీ ఒక్కచోట రెండు క్షణాలు ఎక్కువ ఆగిందంటే రాపిడికి వేడెక్కి రంగు కాలుతుంది. బానెట్ అంచు, డోరు మీద మడత, బంపర్ మూలల్లో పొర పల్చగా ఉంటుంది. పైగా బంపర్ ప్లాస్టిక్, వేడిని రేకులాగా లాగేసుకోదు. చెయ్యి తిరగనివాళ్లు రోటరీ వాడితే ఎండలో వంపు తిరిగిన నీడలు మిగులుతాయి. వాటిని హోలోగ్రామ్‌లంటారు. షెడ్డు ట్యూబులైటు కింద అవి కనపడవు, బందరు రోడ్డెక్కాక కనపడతాయి.

రెండోది డ్యూయల్ యాక్షన్, ముద్దుగా డీఏ. ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే, మధ్యబిందువు పక్కకు జరిగి 8, 15, 21 మిల్లీమీటర్ల మేర చిన్న సున్నాలు చుడుతుంది. రాపిడి ఒకే దారిలో పడదు కాబట్టి వేడి తక్కువ, గీతలూ తక్కువ. గట్టిగా నొక్కితే తిరగడం మానేసి వట్టిగా అదురుతుంది. పని సాగదు గానీ రంగు బతుకుతుంది. ఇంటికి ఇదే తగిన మిషన్ అని నేను గట్టిగా చెబుతాను. రోటరీ నేర్చుకోవాలని సరదా ఉంటే పాత డోరో, బానెట్టో తుక్కు కొట్లో కొని దాని మీద ప్రయోగాలు చేసుకోవచ్చు.

ఇక పని. పొద్దున తొమ్మిదిలోపు, నీడలో, రేకు చల్లగా ఉండగా మొదలుపెట్టాలి. మే నెల బెజవాడ ఎండలో కాలిన బానెట్ మీద కాంపౌండ్ వేసిన చుక్క వేసినట్టే ఎండిపోతుంది. ముందు షాంపూతో కడిగి, క్లే ముక్కతో జారుడు నీళ్లు కొడుతూ నిమరాలి. కంటికి కనపడని ఇసుక, ఇనుప రజను దానికి అంటుకుంటాయి. ఈ మెట్టు వదిలేస్తే ప్యాడే ఉప్పు కాగితం అయిపోతుంది. రబ్బరు బీడింగులకు, పదును అంచులకు మాస్కింగ్ టేపు వేయాలి. ఉంగరం, బెల్టు బకిల్ తీసేసి, వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకోవాలి. సెల్లార్ నేల తడిగా ఉంటుంది, ఎర్తింగ్ లేని ఎక్స్‌టెన్షన్ బాక్సుతో ఆటలొద్దు.

ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు నాలుగు. స్విచ్ వేయకముందే రెండడుగుల చదరంలో వాటిని అద్దాలి, లేకపోతే మొహం నిండా తెల్లటి తుంపరలే. మొదట అడ్డంగా, తర్వాత నిలువుగా, ఒక వరస మీద సగం వరస పడేలా నిదానంగా, సెకనుకు అంగుళం చొప్పున జరపాలి. మిషన్ అడుగు పళ్లెం పక్కన మార్కర్‌తో ఒక గీత గీస్తే, ప్యాడ్ నిజంగా తిరుగుతోందా, ఊరికే అదురుతోందా అన్నది ఆ గీతే చెబుతుంది. గీత కనపడకుండా కలిసిపోతే తిరుగుతున్నట్టు. నాలుగైదు సార్లు పోయాక తుడిచి, ఫోన్ టార్చి వేసి చూడాలి. ముందుగా అన్నిటికంటే మెత్తటి ప్యాడ్‌తో, మెత్తటి పాలిష్‌తో ఒక్కచోట పరీక్ష చేసి, అది చాలకపోతేనే ముతకదానికి వెళ్లాలి. గోరు పెట్టి గీస్తే తగిలే గీత జోలికి పోకూడదు. అది తీసేలోపు చుట్టూ పొర అయిపోతుంది.

ఇంతకీ ఈ గీతలు ఎక్కడివి? చాలావరకు తుడవడం వల్లే. ఒక బకెట్టు నీళ్లు, ఒక పాత గుడ్డ, అపార్టుమెంట్‌లోని కార్లన్నీ. మొదటి కారు దుమ్ము ఆరో కారుకు రుద్దుకుంటుంది. వాచ్‌మన్‌ని అని లాభం లేదు, మనం ఇచ్చింది ఆ బకెట్టే. రెండో బకెట్టు, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు కొనిచ్చి చూడండి. ఇక ఇక్కడి కృష్ణా డెల్టా కూడా తన వంతు తాను చేస్తుంది. బందరు, అవనిగడ్డ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, కడిగి ఆరనిస్తే తెల్ల మచ్చలు దిగుతాయి. కొత్తవైతే నీళ్లు కలిపిన వెనిగర్‌తో పోతాయి, పాతవి పొరను తిని లోపల కూర్చుంటాయి. వరి పొట్ట మీదున్న రోజుల్లో రాత్రిపూట గుడివాడ రోడ్డు మీద వస్తే బంపర్ నిండా పురుగులు. పొడిగుడ్డతో గోకకుండా తడిగుడ్డ కప్పి నాననిచ్చి తీయాలి. వాహన పూజ నాడు బానెట్ మీద పెట్టిన పసుపు మరక గురించి బెంగ వద్దు, ఎండే విరగ్గొడుతుంది. అక్షింతలు, కుంకుమ మాత్రం పొడిగా దులపకుండా నీళ్లతో జారవిడవండి.

ఇంత చేసినా కొన్ని కార్లకు మిషన్ పనికిరాదు. టాప్ మీద, బానెట్ మీద తెల్లగా పొక్కు లేచి పొట్టులాగా ఊడుతుంటే అక్కడ క్లియర్ కోట్ చచ్చిపోయినట్టే. పాలిష్ పట్టేకొద్దీ ఆ మచ్చ పెరుగుతుంది. అలాంటి బండిని ఆటోనగర్‌కే తోలాలి. అక్కడ ఆ ప్యానెల్ గీకించి, ప్రైమర్ నుంచి మొదలుపెట్టించి, పని అయ్యాక కనీసం నెల రోజులు మైనం పూయకుండా ఆరనివ్వాలి.