మాత్ర పనిచేసినదా? - అవధానలోపమునకిచ్చు మందుల ఫలితమును కొలుచు తీరుపై విమర్శ

విజయవాడ నుండి బందరు రోడ్డున పోరంకి, కంకిపాడు వైపు పోయినా, ఏలూరు దారిన గూడవల్లి వైపు పోయినా వసతి కళాశాలల మేడలు వరుసగా కనిపించును. ఆ మేడలలో అన్నింటికిని ఒకే కొలబద్ద - వారాంతపు పరీక్షలో వచ్చిన మార్కు. బోధన బాగున్నదా, భోజనము ఒంటికి పట్టుచున్నదా, పిల్లవాని మనస్సు కుదురుగా ఉన్నదా అను ప్రశ్నలన్నింటికిని జవాబు ఆ కాగితములోనే వెదకుదురు. పదునైదేండ్ల బాలునికి మానసిక వైద్యుడు అవధానలోప-అతిచలన రుగ్మత, అనగా ఏ.డి.హెచ్.డి. ఉన్నదని నిర్ణయించి మిథైల్‌ఫెనిడేట్ మాత్ర వ్రాసియిచ్చిన పిదప, తలిదండ్రులు రెండు వారములైనను గడవకముందే అడుగు ప్రశ్న కూడ అదే. మార్కులు పెరిగినవా?

ఈ ప్రశ్న సరికాదని చెప్పుటకు విదేశ పరిశోధనలను చూపుట వాడుక. అయితే ఆ పరిశోధనలైనను సరియైన ప్రశ్ననే అడిగినవా? విప్పి చూచినచో, పేరు పొందినవానిలో కూడ కొలబద్ద ఎక్కడో ఒకచోట జారినట్లు తెలియును.

ముందు రుగ్మతను గూర్చి ఒక మాట. అవధానలోపము అను పేరే కొంత పెడదారి పట్టించునది. అవధానమనగానే తెలుగువారికి తిరుపతి వేంకట కవులు గుర్తుకు వత్తురు. పృచ్ఛకులు ఎనిమిది వైపులకు లాగుచుండగా ఏ తీగను తెగనీయకుండుట వారి విద్య. ఈ రుగ్మత గల బాలునికి శ్రద్ధ బొత్తిగా లేదనుట పొరపాటు. క్రికెట్టు మీదనో, సెల్‌ఫోను ఆట మీదనో అది గంటల తరబడి నిలుచును. రుచింపని పని మీదికి దానిని తన ఇష్టము చొప్పున మళ్లించి అక్కడ నిలుపు శక్తియే వానికి తక్కువ. ఆ తక్కువ నిన్న మొన్న వచ్చినది కారాదు. 2013లో వెలువడిన అమెరికా మానసిక వైద్యుల నిర్ణయ గ్రంథము ప్రకారము లక్షణములలో కొన్నియైనను 12 ఏండ్లకు ముందే కనిపించి ఉండవలెను. ఇల్లు, బడి వంటి రెండు తావులలోనైనను కనిపింపవలెను. పదవ తరగతి వరకు చక్కగా చదివి, హాస్టలులో చేరిన ఆరునెలలకు చదువు మీద మనసు నిలువని బాలుని విషయములో ముందు అడుగవలసినది నిద్రను గూర్చి, దిగులును గూర్చి.

మిథైల్‌ఫెనిడేట్‌ను 1944లో సీబా కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు లియాండ్రో పానిజాన్ తయారుచేసినాడు. రిటాలిన్ అను వ్యాపార నామము ఆయన భార్య రీటా పేరు నుండి వచ్చినది. నాడీకణముల నడుమ సందేశమును మోయు డోపమిన్, నారెడ్రినలిన్ అను పదార్థములు పని ముగియగానే తిరిగి కణములోనికి పీల్చుకొనబడును. ఈ మందు ఆ పీల్చుకొనుటను అడ్డగించును. అందుచే ఆ పదార్థములు మరికొంతసేపు నిలిచి, చేయుచున్న పనికి పట్టు కలిగించును. ఫలితము గంటలోపలనే తెలియును; సాధారణపు మాత్రయైనచో నాలుగైదు గంటలలో దిగిపోవును. ఇట్లు వచ్చిపోవు గుణము వలననే దీని ఫలితమును ఈ రోజుకు ఆ రోజుకు సరిపోల్చి చూడ వీలగుచున్నది. ఆటమాక్సిటిన్ అను మరియొక మందు అట్టిది కాదు. దాని ఫలితము తెలియుటకు వారములు పట్టును.

ఈ సరిపోలికను మొట్టమొదట చేసినవాడు చార్లెస్ బ్రాడ్లీ. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రమున తన వైద్యశాలలో ఉన్న 30 మంది పిల్లలకు బెంజిడ్రిన్ అను ఆంఫెటమిన్ మందును ఇచ్చినాడు. ఒక వారము మందు లేకుండ, ఒక వారము మందుతో, మరల ఒక వారము మందు లేకుండ వారిని గమనించినాడు. 14 మంది బడిపనిలో ఆశ్చర్యకరమైన మార్పు కనబడినదని వ్రాసినాడు. ఎవరికి ఎప్పుడు మందు ఇచ్చినదియు చూచువారికి తెలియును; మందులేని వట్టి బిళ్లతో పోలిక లేదు. ఈ లోపములు చిన్నవి కావు. అయినను ముందు, నడుమ, తరువాత అను ఆ మూడు వారముల క్రమము నేటికిని చాల ఇండ్లలో జరుగుచున్న దానికంటె మేలైనది. ఎక్కువమంది ముందు వారమును వ్రాసిపెట్టుకొనరు. మూడవ వారము మాటయే తలపెట్టరు.

1999లో ఫలితములు ప్రకటింపబడిన ఎం.టి.ఎ. పరిశోధన చాల పెద్దది. ఏడేండ్లు మొదలు పదేండ్లు నిండని 579 మంది పిల్లలను నాలుగు వర్గములుగా చీట్లు వేసినట్లు విభజించి 14 నెలలు చూచినారు. మందు వర్గములలోని పిల్లలకు మొదటి 28 దినములు వేర్వేరు మోతాదులను, నడుమ వట్టి బిళ్లను మార్చి మార్చి ఇచ్చినారు. ఏ దినమున ఏదియో తల్లికిగాని ఉపాధ్యాయునికిగాని తెలియదు. ఇద్దరును ప్రతిదినము గుర్తులు పెట్టినారు. ఆ లెక్కలను చూచి మోతాదు నిర్ణయించినారు. ఇది బ్రాడ్లీ లోపమును దిద్దిన పని.

ఆ పరిశోధనను ఉదాహరించువారు "నడవడి శిక్షణ ఒక్కదానికంటె మందు మేలు" అను వాక్యముతో ఆగిపోవుదురు. అంతకంటె విలువైన సంగతి దాని ప్రక్కనే ఉన్నది. తమ ఊరి వైద్యునికే విడిచిపెట్టబడిన వర్గములో సుమారు మూడింట రెండు వంతుల మంది ఇటువంటి మందులనే వాడినారు. అయినను వారికి అంత మేలు కలుగలేదు. పరిశోధన వైద్యులు నెలనెలా పిల్లవానిని చూచినారు, బడివారిని విచారించినారు, మోతాదును దిద్దినారు. ఊరి వైద్యులు తక్కువ మోతాదు ఇచ్చినారు, అరుదుగా చూచినారు. కనుక గెలిచినది మాత్ర ఒక్కటే కాదు, మాత్రతోపాటు నడిచిన లెక్క. 2007లో ప్రకటించిన మూడేండ్ల నాటి ఫలితములలో నాలుగు వర్గముల నడుమ తేడా కనబడలేదు. మందు శక్తి తగ్గినదందురు కొందరు. కాని 14 నెలల తరువాత ఎవరి దారి వారిదైనది. మందు మానినవారున్నారు, కొత్తగా మొదలిడినవారున్నారు. తగ్గినది మందు శక్తియా, లెక్క చూచు శ్రద్ధయా అను చిక్కు ఆ అంకెలతో వీడదు.

కొలబద్ద మీద సూటిగా గురిపెట్టినది 2015 నాటి కోక్రేన్ సమీక్ష. డెన్మార్కుకు చెందిన స్టోరెబో, ఆయన సహచరులు 185 పరీక్షలను పరిశీలించి, ఉపాధ్యాయుల గుర్తుల ప్రకారము మేలు కనబడుచున్నను ఆ సాక్ష్యము చాల బలహీనమైనదన్నారు. వారి ఆక్షేపణలలో ఒకటి ముఖ్యమైనది. అన్నము సహింపకపోవుట, నిద్ర రాకపోవుట చూచి ఏది మందో, ఏది వట్టి బిళ్లో తల్లి పోల్చుకొనగలదు. ఆక్షేపణ న్యాయమైనదే, కాని దానిని కడదాక లాగినచో ఆకలిని తగ్గించు ఏ మందునైనను పరీక్షించుటయే కుదరదు.

ఇక మార్కుల మాట. ఫ్లోరిడాలో విలియం పెల్హామ్ బృందము 7 నుండి 12 ఏండ్ల వయసుగల 173 మంది పిల్లలకు వేసవి శిబిరములో పాఠములు చెప్పించినది. ప్రతి పిల్లవానికిని కొన్ని వారములు మందు, కొన్ని వారములు వట్టి బిళ్ల. 2022లో ఫలితములు వెలువడినవి. మందు పడినపుడు పిల్లలు నిమిషమునకు 37 శాతము ఎక్కువ లెక్కలు చేసినారు. తరగతి నియమములను మీరుట 53 శాతము తగ్గినది. కాని పాఠములోని కొత్త విషయము నేర్చుకొనుటలో తేడా కనబడలేదు. పరీక్షనాడు మందు వేసికొన్నవారికి మాత్రము మార్కులు రవంత పెరిగినవి.

ఈ ఫలితము మన ఉపాధ్యాయులను ఒక క్షణము ఆపవలెను. కుదురుగా కూర్చున్నాడు, పలక నింపినాడు. అంతమాత్రమున నేర్చుకొన్నాడని కాదు. తరగతి గది నుండి చూచువానికి ఈ రెండును ఒకటే అనిపించును. అయినను దీనిని మన బాలునికి అట్లే అతికింపరాదు. అక్కడ నేర్పినవారు నియమము తప్పని చక్కని తరగతిలో, పూట పూటకు కొద్దిసేపు, చిన్న పిల్లలకు నేర్పినారు. ఇక్కడ అరువదిమంది నడుమ కూర్చుండి, సాయంత్రము ఎవరును చెప్పకుండ తనంతట తాను చదువుకొనవలసిన పదునైదేండ్లవాడు. స్వీడన్ దేశపు లెక్క ఒకటి మరికొంత దగ్గరిది. విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షను ఒకటికంటె ఎక్కువసార్లు వ్రాసిన 930 మంది రోగుల మార్కులను వారి మార్కులతోనే పోల్చి 2017లో ప్రకటించినారు. మందు వాడిన కాలమున వ్రాసినపుడు సగటున 4.80 మార్కులు ఎక్కువ వచ్చినవి. వారి సగటు వయసు 22 ఏండ్లు. మందు ఎప్పుడు వాడవలెనో వారే ఎంచుకొన్నారు కనుక, ఆ పెరుగుదల అంతయు మాత్ర వలననే అనుటకు వీలులేదు.

మార్కు అబద్ధము చెప్పదు గాని ఆలస్యముగా చెప్పును; అనేక కారణములను కలగలిపి చెప్పును. మాత్ర పనిచేయు తావు దానికి చాల ఎగువన ఉన్నది. కృష్ణ డెల్టా రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ప్రకాశం బ్యారేజీ వద్ద తలుపులెత్తగానే కాలువ నిండుగా పారును. దానిని చూచి కోడూరు, నాగాయలంక శివారు భూములలో నాట్లు పడినవని ఎవరును వ్రాసికొనరు. ఉదయము ఏడు గంటలకు వేసిన సాధారణపు మాత్ర మధ్యాహ్నమునకే దిగిపోవును. మొదటి పీరియడ్ల ఉపాధ్యాయుడు చూచునది నిండు కాలువ. రాత్రి స్టడీ అవర్‌లో వార్డెన్ చూచునది శివారు. మందు దిగిపోవు వేళ వచ్చు చిరాకు కూడ ఆయనకే కనబడును. ఆదివారము ఫోనులో మాటాడు తల్లికి ఏదియు కనబడదు. ఈ ముగ్గురి మాటలు కలియనిదే వైద్యునికి చేరునది సగము కథ. గంటలు చాలనిచో రోజంతయు మెల్లగా విడుదలయగు రకములున్నవి. మోతాదు చాలదా, గంటలు చాలవా అనునది వైద్యుడు తేల్చవలెనన్నను ఆయనకు ఈ కబురే కావలెను.

కనుక మొదటి మాత్రకు ముందే ఒక వారము లెక్క వ్రాయవలెను. రాత్రి రెండు గంటలలో మొదలిడిన పని ఎంత ముగిసినది, ఎన్నిసార్లు లేచినాడు, ఇచ్చిన అభ్యాసములలో ఎన్ని మరచినాడు - ఇట్టివి రెండో మూడో చాలును. ఉపాధ్యాయునికి కానర్స్, వాండర్‌బిల్ట్ వంటి సిద్ధమైన ప్రశ్నపత్రములున్నవి. మోతాదు పెంచిన రోజును ఆయనకు చెప్పకుండుట మేలు. ఎం.టి.ఎ. నుండి ఖర్చులేకుండ అరువు తెచ్చుకొనదగినది ఇదియే. ఎత్తు, బరువు, నాడి, రక్తపుపోటు వైద్యుని వద్ద ముందే వ్రాయబడవలెను. ఇంటిలో ఎవరికైన గుండెజబ్బు ఉన్నచో ఆయనకు చెప్పవలెను. ఎం.టి.ఎ. పిల్లలలో కొత్తగా మొదలిడి మూడేండ్లు విడువక మందు వాడినవారు వాడనివారికంటె సుమారు 2 సెంటీమీటర్లు తక్కువ పెరిగినారు. ఎదుగు వయసువానికి మధ్యాహ్నపు కంచములో మిగిలిన అన్నము కూడ లెక్కలోనిదే.

ఆ లెక్కలో ఒక వరుస బాలుని సొంతము కావలెను. పెద్ద పరిశోధనల వెలితి ఇక్కడే తెలియును. వానిలో గుర్తులు పెట్టినది ముఖ్యముగా తల్లి, ఉపాధ్యాయుడు. చిన్నపిల్లల విషయములో అది సబబే. పదునైదేండ్లవాడు మాత్రము "చదువు సాగుచున్నది గాని నవ్వు రావటములేదు" అని చెప్పగలడు. మోతాదు ఎక్కువైనదనుటకు అది మంచి ఆనవాలు; వార్డెన్ కన్నులకు అదే బాలుడు బుద్ధిమంతుడుగా మారినట్లుండును. అడుగనిచో వాడు చెప్పడు. కొన్నాళ్లకు మాత్రను దిండు క్రింద దాచును.

దాచిన మాత్ర మరియొకని చేతికి పోవుటయు కలదు. మిథైల్‌ఫెనిడేట్ మన దేశమున షెడ్యూలు ఎక్స్‌లోని మందు. వైద్యుడు రెండు ప్రతులు వ్రాయవలెను. మందుల షాపువారు ఒక ప్రతిని రెండేండ్లు భద్రపరుపవలెను. ర్యాంకు కొరకు దీనిని కోరు ఆరోగ్యవంతులైన విద్యార్థులకు 2023లో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక ప్రయోగము జవాబు చెప్పుచున్నది. ఏ రుగ్మతయు లేని 40 మంది పెద్దలకు ఇట్టి మందులనిచ్చి కఠినమైన సమస్యలను చేయించినారు. వారు ఎక్కువ శ్రమపడినారు, ఎక్కువ కాలము వెచ్చించినారు, కాని ఆ శ్రమలో పస తగ్గినది.

ఏడాదికొకసారియైనను మందు ఇంకను కావలెనా అని వైద్యునితో కలిసి చూడవలెను. ఆయన సరేయన్నచో కొన్ని దినములు ఆపి, బ్రాడ్లీ మూడవ వారమును నడపవచ్చును. ఆ వారమును ఎన్నుకొనుటలోనే పెక్కుమంది పొరబడుదురు. సంక్రాంతి సెలవులలో ఆపి, "ఇంటివద్ద బాగానే ఉన్నాడు" అందురు. సెలవులలో కుదురుగా కూర్చుండవలసిన పనియే లేదు. ఇ.ఎ.పి.సెట్ ముందు ఆపుట మరొక అవివేకము. పండుగ ముగిసి, పాఠములు మామూలుగా నడుచుచు, పెద్ద పరీక్ష ఏదియు దగ్గరలేని వారమొకటి చూచుకొని, వార్డెన్‌కు ముందుగా ఏమియు చెప్పక, మొదటి వారము వ్రాసిన పుస్తకములోనే వ్రాయవలెను.