కొనుగోలుదారునకు మిగిలిన ఎన్నిక

దుకాణములో కంప్యూటరు కొనునప్పుడు మనము నిజమునకు రెండు వస్తువులను కొనుచున్నాము. ఒకటి కంటికి కనబడు యంత్రము. రెండవది ఆ యంత్రమును నడిపించు ప్రోగ్రాముల సముదాయము. దీనినే ఆపరేటింగ్ సిస్టమ్ లేక నిర్వహణ వ్యవస్థ అందురు. మొదటిదానిని ఏరుకొనుటకు పది రకములు బల్లమీద పెట్టి చూపుదురు. రెండవదానిని గురించి అడుగువారును తక్కువ, చెప్పువారును తక్కువ. అది కర్మాగారములోనే యంత్రములోనికి ఎక్కియుండును. దాని వెల బిల్లులో వేరుగా కనబడదు. ఈ పద్ధతి న్యాయమేనా అను ప్రశ్న ఐరోపాలో అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినది. అచ్చట లభించిన సమాధానము నాకు తృప్తికరముగా తోచలేదు. ఎందుచేతనో చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా అమ్మకందారుల వాదమును సరిగా చెప్పవలెను. విద్యుత్తు అందగానే ప్రాసెసరు మొట్టమొదట మదర్‌బోర్డు మీది ఒక చిన్న చిప్పులో నిలువయున్న ఆదేశములను చదువును. ఆ చిన్న ప్రోగ్రాము కీబోర్డు, తెర, మెమొరీ మొదలగు భాగములు సరిగా నున్నవో లేవో చూచి, పిమ్మట డిస్కులో నిర్వహణ వ్యవస్థను వెదకి, దానిని మెమొరీలోనికి తెచ్చి, అధికారమంతయు దానికి అప్పగించును. అది లేనిచో అప్పగించుటకు ఎవ్వరును ఉండరు. నల్లని తెరమీద ఒక వాక్యము కనబడి యంత్రము అక్కడనే నిలిచిపోవును. అంతేగాక ధ్వని, వైఫై, కెమెరా వంటి ప్రతి భాగమునకును, దాని భాషను నిర్వహణ వ్యవస్థకు తెలియజెప్పు డ్రైవరు అను ప్రోగ్రాము కావలెను. వీనినన్నిటిని కర్మాగారములోనే కూర్చి, పరీక్షించి ఇచ్చుట సామాన్యునకు గొప్ప సౌకర్యము. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును కోరు మిత్రులు కొందరు ఈ సౌకర్యమును తేలికగా తీసివేయుదురు గాని, అది సరికాదు. అయితే కూర్చి ఇచ్చుట వేరు. కూర్చినదానిని విడదీసి కొనరాదనుట వేరు.

ఇక వ్యాజ్యమునకు వత్తము. ఫ్రాన్సులో 2008లో ఒక కొనుగోలుదారుడు సోనీ కంపెనీవారి ల్యాప్‌టాప్ కొనెను. అందులో మైక్రోసాఫ్ట్ వారి విండోస్ విస్టాయు, మరికొన్ని ప్రోగ్రాములును ముందే ఉండెను. మొదటిసారి యంత్రమును తెరచినప్పుడు కనబడిన లైసెన్సు ఒడంబడికకు అతడు సమ్మతింపక, ఆ ప్రోగ్రాముల మేరకు వెల తిరిగి ఇమ్మని కోరెను. కంపెనీ అందులకు నిరాకరించి, కావలసినచో అమ్మకమునే రద్దుచేసి మొత్తము 549 యూరోలు ఇచ్చివేయుదుమనెను. బియ్యముతో పాటు పప్పును కూడ కట్టి ఒకే ధర చెప్పిన వర్తకుడు, పప్పు అక్కరలేదన్నచో బియ్యమును కూడ వెనుకకు ఇమ్మన్నట్లున్నది ఈ జవాబు. అతడు ఒప్పుకొనక దావా వేసి, ప్రోగ్రాముల నిమిత్తము 450 యూరోలు కోరెను. 549 యూరోల యంత్రములో 450 యూరోలు ప్రోగ్రాములకే అనుట నాకును అతిగానే తోచుచున్నది. కాని అసలు లెక్కను ఎవ్వరును చెప్పనప్పుడు కొనువాడు వేసికొను లెక్క ఇట్లే ఉండును.

2016 సెప్టెంబరు 7వ తేదీన ఐరోపా సంఘ న్యాయస్థానము తన అభిప్రాయమును వెలువరించినది. ప్రోగ్రాములను ముందే ఎక్కించి కంప్యూటరును అమ్ముట తనంతట తాను అన్యాయ వ్యాపార పద్ధతి కాదనియు, వృత్తిధర్మమునకు విరుద్ధముగానుండి కొనుగోలుదారుని నిర్ణయమును గణనీయముగా పెడదారి పట్టించినప్పుడే తప్పగుననియు, ఆ సంగతిని ఆయా దేశముల న్యాయస్థానములు విచారింపవలెననియు చెప్పినది. ప్రతి ప్రోగ్రాము వెలను విడిగా చూపకపోవుట మోసపుచ్చుట కాదనియు చెప్పినది. దీనికి ఆధారముగా తీసికొనిన సంగతులు మూడు: యంత్రములో ఏమున్నదో కొనకముందే తెలిపిరి, కొనువారిలో అధికులు వెంటనే పనిచేయు యంత్రమునే కోరుదురు, లైసెన్సుకు సమ్మతింపనివాడు అమ్మకమునే రద్దుచేసికొనవచ్చును.

మూడింటిలో నాకు మిక్కిలి బలహీనముగా కనబడునది రెండవది. అధికులు కోరునదేదో ఎట్లు తెలిసినది? ముందే పెట్టిన వస్తువును మార్చకుండ వదలివేసిన వారందరును దానిని కోరుకొన్నవారే యనుట శాస్త్రదృష్టిలో నిలువదు. 2003లో జాన్సన్, గోల్డ్‌స్టీన్ అను పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక చిన్న వ్యాసము ప్రచురించిరి. మరణానంతరము అవయవదానమునకు సమ్మతించినట్లు లెక్కకు వచ్చినవారు జర్మనీలో నూటికి 12 మంది. ప్రక్కనేయున్న ఆస్ట్రియాలో 99.98 మంది. రెండు దేశముల వారి దయాగుణములో ఇంత భేదమున్నదని ఎవ్వరును అనరు. ఒకచోట ఇష్టమున్నవారు పేరు వ్రాయించుకొనవలెను. రెండవచోట ఇష్టము లేనివారు పేరు తీసివేయించుకొనవలెను. ఈ అంకెలు ఇష్టమును కొలువవు. మొదట ఏ గడిలో గుర్తు పెట్టియున్నదో దానిని కొలుచును. కంప్యూటరులో మొదటి గుర్తును పెట్టువాడు తయారీదారుడు. కనుక దుకాణపు అమ్మకముల లెక్క చూపి, ప్రజలు దీనినే ఎన్నుకొన్నారనుట, ప్రశ్ననే జవాబుగా చెప్పుట వంటిది.

తయారీదారుడైనను ఆ గుర్తును తన యిష్టము వచ్చినట్లు పెట్టినాడా యన్నచో, ఆ చరిత్రయు చూడదగినది. 1994కు పూర్వము మైక్రోసాఫ్ట్ అనేక కంపెనీలతో ప్రాసెసరు లెక్కన లైసెన్సు ఒప్పందములు చేసికొనెడిది. తయారీదారుడు అమ్మిన ప్రతి యంత్రమునకును, అందులో మైక్రోసాఫ్ట్ వ్యవస్థ ఉన్నను లేకున్నను, రుసుము చెల్లింపవలెను. వేరొక వ్యవస్థను ఎక్కించి అమ్మినచో రెండింటికిని ఖర్చగును. ఇక ఎవడు ఎక్కించును? అమెరికా న్యాయశాఖ దావాతో 1994 జులైలో కంపెనీ ఈ పద్ధతిని మానుటకు సమ్మతించినది. తరువాత బీ అను చిన్న కంపెనీ బీఓఎస్ అను వ్యవస్థను తయారుచేసినది. హిటాచీ వారు దానిని విండోస్‌తో పాటు తమ యంత్రములలో ఎక్కించిరి కూడ. అయినను యంత్రమును తెరచినప్పుడు దాని పేరే కనబడెడిది కాదు. మైక్రోసాఫ్ట్ ఒప్పందముల వలననే ఇట్లయినదని బీ కంపెనీ 2002లో దావా వేసినది. తప్పు ఒప్పుకొనకయే మైక్రోసాఫ్ట్ 2003లో 2 కోట్ల 32 లక్షల 50 వేల డాలర్లకు రాజీపడినది. అప్పటికి బీఓఎస్ కథ ముగిసినది.

ఐరోపా అధికారులు ఏమియు చేయలేదనుట తప్పు. వారు రెండు మందులు వేసిరి. మొదటిదానిని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పాటలను, చలనచిత్రములను నడుపు మీడియా ప్లేయరును విండోస్‌కు అంటగట్టుట తప్పని 2004 మార్చిలో నిర్ణయించి, 49 కోట్ల 70 లక్షల యూరోల జుర్మానా విధించి, అది లేని విండోస్‌ను కూడ అమ్మవలెనని ఆజ్ఞాపించిరి. మైక్రోసాఫ్ట్ ఆజ్ఞను పాటించి, ఎన్ అను అక్షరము చేర్చిన కూర్పును అమ్మకమునకు పెట్టినది. ధర మాత్రము పూర్తి కూర్పు ధరయే. ఒకే ధరకు తక్కువ వస్తువును ఎవరు కొందురు?

రెండవ మందు కథ గణితము చదువు విద్యార్థులకు పనికివచ్చునది. విండోస్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అను బ్రౌజరును చేర్చియిచ్చుటను గురించి 2009 డిసెంబరులో ఒక ఒడంబడిక జరిగినది. దాని ప్రకారము 2010 మార్చి నుండి ఐరోపాలోని విండోస్ యంత్రములమీద ఎన్నిక తెర యొకటి వచ్చి, బ్రౌజర్ల పేర్లు చూపవలెను. ముఖ్యమైన అయిదింటి వరుస ప్రతిసారియు యాదృచ్ఛికముగా మారవలెను. లేనిచో మొదటిదానికి లాభము కలుగును. ఉద్దేశము చక్కనిది. కాని వరుస మార్చుటకు వ్రాసిన ప్రోగ్రామును అమెరికాలోని రాబ్ వీర్ అను సాఫ్ట్‌వేరు నిపుణుడు పరిశీలించి, అది సరిగా కలుపుట లేదని చూపించెను. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే ఆ తెరను చూచినప్పుడు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పేరు ఇంచుమించు సగము సార్లు చిట్టచివరి స్థానములో పడుచుండెను. అయిదవ వంతు సార్లు మాత్రమే పడవలసినది కదా!

పొరపాటు ఎక్కడ? పేర్లను అక్షరక్రమములో పెట్టు మామూలు పద్ధతిలో రెండేసి పేర్లను పోల్చి ఏది ముందో నిర్ణయింతుము. ఆ ప్రోగ్రాము వ్రాసినవారు పోల్చుటకు బదులు ప్రతిసారియు బొమ్మా బొరుసా వేసినట్లు చేసిరి. అంతా యాదృచ్ఛికమే కదా యనిపించును. మూడు పేర్లతో పరీక్షింతము. మూడు పేర్లను 6 వరుసలుగా అమర్చవచ్చును. నాణెమును మూడుసార్లు ఎగురవేసినచో 8 ఫలితములు వచ్చును. 8 ఫలితములను 6 వరుసలకు సమముగా పంచుట సాధ్యము కాదు. కొన్ని వరుసలకు ఎక్కువ, కొన్నింటికి తక్కువ వచ్చి తీరును. ఇంకను ఎక్కువసార్లు ఎగురవేయుదమన్నచో 16, 32, 64 ఇట్లు పోవును. వీనిలో ఏదియు 3చే నిశ్శేషముగా భాగింపబడదు. అయిదు పేర్లకు వరుసలు 120; దానికి 3తో పాటు 5 కూడ భాజకము. కనుక ఇన్నిసార్లని నిర్ణయించుకొని నాణెమును ఎంత నిజాయితీగా ఎగురవేసినను న్యాయము జరుగదు. సరియైన పద్ధతి మన బడిపిల్లలకు తెలిసినదే: అయిదు చీటీలు కుండలో వేసి ఒక్కొక్కటిగా తీయుట. మొదటి స్థానమునకు అయిదింటిలో ఒకటి, రెండవదానికి మిగిలిన నాలుగింటిలో ఒకటి, ఇట్లు. ఫిషర్, యేట్స్ అను గణాంకశాస్త్రజ్ఞులు 1938లోనే దీనిని గ్రంథస్థము చేసియుండిరి. దోషము బయటపడిన కొలది దినములకే మైక్రోసాఫ్ట్ దిద్దుకొన్నది. తన బ్రౌజరునే చివరకు నెట్టుకొన్నది గనుక ఇది కపటము కాదు, అశ్రద్ధ యనియే నా అభిప్రాయము.

దీనికంటె పెద్ద అశ్రద్ధ తరువాత జరిగినది. 2011 మే నుండి 2012 జులై వరకు విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 ఉన్న యంత్రములలో ఆ ఎన్నిక తెర అసలు రానేలేదు. సుమారు ఒక కోటి యాబది లక్షల మందికి అది కనబడలేదు. 2013 మార్చిలో 56 కోట్ల 10 లక్షల యూరోల జుర్మానా పడినది. జుర్మానా సంగతి యట్లుండగా, నన్ను ఆశ్చర్యపరచునది వేరొకటి: పదునాలుగు నెలలు తెర రాకున్నను దానిని కనిపెట్టవలసినవారు కనిపెట్టలేదు. మందు వేసినవారు రోగి నాడిని రోగి చేతనే చూపించుకొనిరి.

ఇక 2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ అను ఏర్పాటు వ్యాప్తిలోనికి వచ్చినది. ఇందులో యంత్రపు చిన్న ప్రోగ్రాము, అధికారమును అప్పగించుటకు ముందు, వచ్చినవాని సంతకమును పరీక్షించును. తన వద్దనున్న తాళపుచెవులతో సరిపోనిచో లోనికి రానీయదు. నిర్వహణ వ్యవస్థకంటె ముందే చొరబడు దుష్ట ప్రోగ్రాములను ఆపుటకు ఇది మంచి సాధనము. కాని ఆ తాళపుచెవులు ఎవరివి? సామాన్యముగా మైక్రోసాఫ్ట్‌వి. లినక్సు వ్యవస్థలను తయారుచేయువారు తమ మొదటి ప్రోగ్రాముపై మైక్రోసాఫ్ట్ సంతకమును పొందవలసి వచ్చినది; అంటే పోటీదారుని వాకిట నిలిచి అనుమతి పుచ్చుకొనుట. విండోస్ 8 నాటి నియమములలో ఇంటెల్ జాతి ప్రాసెసరున్న యంత్రములలో యజమాని ఈ పరీక్షను ఆపుకొను వీలు ఉండవలెనని యున్నది. ఆర్మ్ జాతి ప్రాసెసరున్నవానిలో ఆ వీలు ఉండరాదని యున్నది. ఒకే భద్రతాసూత్రము ఒక యంత్రములో యజమాని చేతిలోను, మరియొక దానిలో కంపెనీ చేతిలోను ఎందులకుండవలెనో భద్రతాశాస్త్రము చెప్పజాలదు.

విడదీయుట సాధ్యము కాదను వాదమునకు జవాబు ఇటలీలో దొరకినది. అచ్చటి అత్యున్నత న్యాయస్థానము 2014 సెప్టెంబరులో, హ్యూలెట్-ప్యాకర్డ్ కంపెనీ వ్యాజ్యములో, లైసెన్సుకు సమ్మతింపని కొనుగోలుదారుడు యంత్రమును ఉంచుకొని నిర్వహణ వ్యవస్థ వెలను మాత్రము తిరిగి పొందవచ్చునని తీర్పు చెప్పినది. రెండింటిని వేరుచేయుటకు సాంకేతికమైన అడ్డు లేదని గుర్తించిన ఈ తీర్పే, రెండేండ్ల తరువాత వచ్చిన పెద్ద న్యాయస్థానపు అభిప్రాయముకంటె యంత్రమును బాగుగా అర్థము చేసికొన్నదని నా నమ్మకము.

మన దేశములో ఈ ప్రశ్న ఫోనుల విషయములో ముందు వచ్చినది. ఆండ్రాయిడ్ ఫోనులలో తన ప్రోగ్రాములను ముందే ఎక్కించు షరతులపై 2022 అక్టోబరులో భారత పోటీ కమిషన్ గూగుల్ కంపెనీకి 1,337.76 కోట్ల రూపాయల జుర్మానా విధించినది. కంప్యూటర్ల విషయములో మన దుకాణములలో ఒక విచిత్రము కలదు. డాస్ మెషిన్ అను పేరుతో, ఫ్రీడాస్ అను ఉచిత వ్యవస్థ మాత్రమే యుండి, తక్కువ ధరకు అమ్ముడుపోయిన ల్యాప్‌టాప్‌లు అనేకము. ఐరోపావారు కోరిన వేరు ధర ఇదే కదా యనిపించును. కాని ఇంటికి చేరకముందే అందులో దొంగ విండోస్ ఎక్కుట తెలియని వారెవరు? వేరు ధర దొరకినను, వేరు వ్యవస్థ యొకటి ఉన్నదని చూపినవారు లేనందున, ఆ ధర దొంగతనమునకు తగ్గింపుగా మారినది. మా విద్యార్థి యొకడు ఒక దుకాణములో విండోస్ లేకుండ ఎంతకిత్తురని అడుగగా, అది లేనిచో కంప్యూటరే పనిచేయదని చెప్పి పంపిరట. అమ్మువాడు అబద్ధము చెప్పలేదు. అతడును అట్లే నమ్మియున్నాడు.

ఆ నమ్మకము ఖరీదు ఇప్పుడు తెలియుచున్నది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసినది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అను భద్రతా చిప్పును, కొన్ని యెంపిక చేసిన ప్రాసెసర్లును కావలెను. ఇవి లేని యంత్రములు కళాశాలల ప్రయోగశాలలలో వరుసలుగా ఉన్నవి. వాని డిస్కులు తిరుగుచున్నవి, తెరలు వెలుగుచున్నవి. ఫోర్ట్రాన్, సి, పైథాన్ నేర్పుటకు లినక్సుతో ఇంకను కొన్ని ఏండ్లు చక్కగా పనికివచ్చును. అయినను పాతసామాను జాబితాలోనికి పోవుటకు సిద్ధముగా నున్నవి. కొన్ననాడు రెండు వస్తువులు కొన్నామని బిల్లు చెప్పియున్నచో, ఈనాడు ఒకటి చెడినంతమాత్రమున రెండవదానిని పారవేయుటకు ఎవరికిని తోచదు.

కంప్యూటరు అట్టపెట్టెపైన నియమానుసారముగా ముద్రించు సంగతులను ఒకమారు చదివి చూడుడు. తయారైన నెల, దిగుమతిదారుని చిరునామా, పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదులకు ఫోను నంబరు అన్నియు నుండును. లోనున్న నిర్వహణ వ్యవస్థ పేరు కూడ ఉండును. దాని ప్రక్కన దాని వెలను, అది వలదన్నవారు ఏ చిరునామాకు వ్రాయవలెనో ఆ చిరునామాను ముద్రించుటకు ఇంకొక రెండు పంక్తుల చోటు ఆ పెట్టెమీద ధారాళముగా కలదు.