ఆకాశం నుంచి జారిన జీపు: సైనిక ఐతిహ్యాలలో విశ్వసనీయత, పర్యవసానం

వ్యాససంగ్రహం

సరకు విమానాల నుంచి జీపులను, టాంకులను పారాచూట్లతో నేలకు దించే సందర్భాల్లో జరిగిన వింతల గురించి సైనికులు చెప్పుకునే కథలు ఆధునిక వృత్తి ఐతిహ్యాలలో ఒక ప్రత్యేకమైన పాయ. వీటిని ‘నిజమా, కోతలా’ అనే ఒక్క ప్రశ్నతో తేల్చివేయడం పరిపాటి. నమోదైన చరిత్ర కొన్నిచోట్ల ఈ కథలకంటే వింతగా ఉంది. కాబట్టి అసంభావ్యత అసత్యానికి గుర్తు కాజాలదు. కథ వాస్తవం నుంచి వేరుపడే చోటును సంఘటనలో కాక దాని పర్యవసానంలో వెతకాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఐతిహ్యం, వృత్తి జానపదం, సైనిక కథనం, విశ్వసనీయత, పర్యవసానం, హాస్యం.

1. ఉపోద్ఘాతం

విలియం బాస్కమ్ 1965లో జానపద వచన కథనాలను పురాణం, ఐతిహ్యం, జానపద కథ అని మూడుగా వర్గీకరించాడు. జరిగిన సంగతిగా చెప్పడం, సమీప గతానికి చెందడం, మనుషులే ప్రధాన పాత్రలు కావడం ఐతిహ్యానికి ఆయన చెప్పిన లక్షణాలు. ఐతిహ్యం అనగానే తెలుగు పరిశోధకులకు ముందుగా గుడి, కోట, చెరువు, వీరుడు స్ఫురిస్తాయి. అయితే అవే లక్షణాలు సైనిక శిబిరాల్లో పుట్టిన కథలకూ వర్తిస్తాయి. లిండా డెగ్ వంటి జానపద విద్వాంసులు ఐతిహ్యాన్ని నమ్మకంగా కాక, నమ్మకం గురించిన వాదంగా చూశారు. చెప్పేవాడు నమ్మకపోయినా, వినేవాడు సందేహించినా ఐతిహ్యం చెడదు. ఆ సందేహమే దానికి ప్రాణం.

తెలుగులో సైనిక ప్రగల్భానికి విరాటపర్వంలోని ఉత్తరకుమారుడు సామెతగా నిలిచాడు. కానీ ఆయన ప్రగల్భం యుద్ధానికి ముందు పలికినది, చేయబోయే పరాక్రమానికి సంబంధించినది. ఇక్కడ పరిశీలించే కథలు పని ముగిసిన తర్వాత చెప్పేవి. వాటిలో పరాక్రమం ఉండదు. తప్పిపోయిన గండం, నవ్వు తెప్పించే పొరపాటు ఉంటాయి. అందువల్ల వీటిని ఉత్తరకుమార ప్రగల్భాలని కొట్టివేయడం లక్షణదోషమే అవుతుంది.

2. కథారూపాలు

ఈ కథలకు ఆధారమైన పని సాంకేతికమైనది. వాహనాన్ని ఒక వేదికపై నిలిపి, నేల తాకిడిని తట్టుకోవడానికి తేనెపట్టు ఆకారపు అట్ట దిమ్మెలు అడుగున పేర్చి, పట్టీలతో బిగిస్తారు. విమానం వెనుక తలుపు తెరుచుకున్నాక ఒక చిన్న పారాచూట్ ఆ వేదికను బయటికి లాగుతుంది. తర్వాత పెద్ద పారాచూట్లు విచ్చుకుంటాయి. ప్రతి పట్టీ, ప్రతి ముడి ఎవరో ఒకరి చేతి పని. ఒక్కటి తప్పినా టన్నుల బరువు రాయిలా పడుతుంది.

అమెరికన్ సైనిక సంప్రదాయంలో ఈ పని చుట్టూ అల్లుకున్న కథలు ముఖ్యంగా మూడు రూపాల్లో కనిపిస్తాయి. మొదటిది, పారాచూట్ విచ్చుకోక జీపు అప్పడంలా అణిగిపోవడం. రెండవది, వాహనంలో నిద్రపోయిన సైనికుడు దానితోపాటే నేలకు దిగి, ఏమీ ఎరగనట్టు నడుపుకొని వెళ్లడం. మూడవది, వాహనం నాశనమయ్యాక అంతకుముందు దళంలో పోయిన సామానంతా అందులోనే ఉన్నట్టు జాబితా రాయడం. ఆ జాబితా బరువు చూస్తే ఒక వాహనం కాదు, మూడు వాహనాలు కావాలి. మూడు రూపాల్లోనూ ఎవరూ చనిపోరు, ఎవరికీ శిక్ష పడదు. కథ నవ్వుతో ముగుస్తుంది.

3. కథను మించిన వాస్తవం

వీటిలో అత్యంత అసంభావ్యంగా కనిపించేది రెండవ రూపం. మనిషి వాహనంలో కూర్చుని ఆకాశం నుంచి దిగడం కోతల పరాకాష్ఠ అనిపిస్తుంది. కానీ 1973 జనవరి 5న సోవియట్ యూనియన్‌లోని తూలా సమీపంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆన్-12 విమానం నుంచి బీఎండీ-1 కవచవాహనాన్ని ‘కెంటావర్’ అనే పద్ధతిలో దించారు. లోపల లియోనిద్ జుయేవ్, అలెగ్జాండర్ మార్గెలోవ్ ఉన్నారు. రెండవ వ్యక్తి సోవియట్ పారాచూట్ దళాల అధిపతి వసీలీ మార్గెలోవ్ కుమారుడు. ఇద్దరూ ప్రాణాలతో దిగారు. 1976 జనవరి 23న రాకెట్లతో వేగాన్ని తగ్గించే ‘రియాక్తావర్’ పద్ధతిలో అలెగ్జాండర్ మార్గెలోవ్, లియోనిద్ షెర్బకోవ్ మరోసారి అలాగే దిగారు. 1996లో వీరిద్దరికీ రష్యా వీరుడు బిరుదు లభించింది.

కాబట్టి ‘ఇది జరిగే పని కాదు’ అన్న వాదం విమర్శకుడికి పనికిరాదు. అంతకన్నా గమనించదగిన విషయం మరొకటి ఉంది. నిర్ధారితమైన ఈ సంఘటన చుట్టూ కూడా ఐతిహ్యం పెరిగింది. ప్రయోగం విఫలమైతే తనను తాను కాల్చుకోవడానికి తండ్రి పిస్తోలు సిద్ధంగా ఉంచుకున్నాడన్న కథనం విస్తృతంగా ప్రచారంలో ఉంది. దాని సత్యాసత్యాలు ఎలా ఉన్నా, అది చేసే పని స్పష్టం: పర్యవసానాన్ని పెంచుతుంది. కొడుకు ప్రాణానికి తండ్రి ప్రాణాన్ని జోడిస్తుంది. అమెరికన్ సిపాయి కథ దీనికి విరుద్ధంగా పర్యవసానాన్ని తుంచివేస్తుంది. ఒకటి ఆజ్ఞ ఇచ్చినవాడి గురించిన కథ, మరొకటి ఆజ్ఞ పాటించినవాడు చెప్పే కథ. మొదటిదానికి గాంభీర్యం కావాలి. రెండవదానికి ఉపశమనం కావాలి.

4. తొలగిన పర్యవసానం

తుంచివేసినదేమిటో నమోదైన ఘటనలతో పోల్చితే తెలుస్తుంది. విమానాన్ని నేలకు కొన్ని అడుగుల ఎత్తులోనే నడుపుతూ, పారాచూట్‌తో సరకును బయటికి లాగి నేలమీద జారవిడిచే పద్ధతి ఒకటి ఉండేది. వియత్నాం యుద్ధంలో, 1968 నాటి ఖేసాన్ ముట్టడిలో దాన్ని వాడారు. సైనిక కథలకు ఇది అనువైన దృశ్యం: గడ్డిని ఒరుసుకుంటూ విమానం, దాని వెనుక జారుతున్న బరువు. కానీ 1987 జూలై 1న అమెరికాలోని ఫోర్ట్ బ్రాగ్‌లో ఈ పద్ధతి ప్రదర్శిస్తుండగా సీ-130 విమానం పైకి లేవలేక కూలింది. విమాన సిబ్బందిలో నలుగురు, నేలమీద ఉన్న ఒక సైనికుడు మరణించారు. ఆ ఐదవ వ్యక్తి విమానం ఎక్కలేదు. సిపాయి కథల నవ్వులో అతనికి చోటు లేదు.

2016 ఏప్రిల్‌లో జర్మనీలోని హోహెన్‌ఫెల్స్ వద్ద జరిగిన విన్యాసంలో మూడు హమ్వీ వాహనాలు ఒకదాని తర్వాత ఒకటి పారాచూట్ల నుంచి విడిపోయి పడ్డాయి. ఆ వీడియోలో చూస్తున్నవారి నవ్వులు వినిపిస్తాయి. ఎవరూ గాయపడలేదు. ఆ క్షణం దాకా ఇది మొదటి కథారూపానికి అచ్చమైన ఉదాహరణ. దృశ్యం అక్కడే ఆగి ఉంటే ఐతిహ్యంగా స్థిరపడేది. అయితే తర్వాత విచారణ జరిగింది. ఒక సార్జెంట్‌ను 2018లో సైనిక న్యాయస్థానం ప్రభుత్వ ఆస్తి విధ్వంసం, తప్పుడు వాంగ్మూలం నేరాలకు దోషిగా నిర్ధారించింది. నవ్వు దగ్గర కథ ముగుస్తుంది. వాస్తవం అక్కడి నుంచి మొదలవుతుంది.

5. జాబితాలోని అబద్ధం

తప్పుడు వాంగ్మూలం అన్న మాట మూడవ కథారూపాన్ని కొత్తగా చదివిస్తుంది. పోయిన సామానంతా పడిపోయిన వాహనం ఖాతాలో రాయడం కచేరీలో నేరం, భోజనశాలలో కథ. అబద్ధం ఒకటే, అది పలికిన చోటు మారింది. ఈ కథ వినే సైనికులు జాబితాను నమ్మరు, నమ్మాలని కథకుడూ ఆశించడు. సామాను లెక్కల భారం కింద నలిగే చిన్న ఉద్యోగికి ఆ లెక్కలనే ఎదురుతిప్పి నవ్వే అవకాశాన్ని కథ ఇస్తుంది. ఈ నవ్వును కేవలం బాధ్యతారాహిత్యంగా చూడటం కూడా పాక్షికమే. ప్రాణాపాయంతో రోజూ పనిచేసేవారికి హాస్యం ఒక కవచం. అయితే కవచం దేన్ని కాపాడుతోందో, దేన్ని కప్పుతోందో విడదీసి చూపడం విమర్శ బాధ్యత. పట్టీ బిగించినవాడి శ్రమ, పట్టీ తెగితే పోయే ప్రాణం ఈ కథల్లో కప్పబడినవి.

6. ముగింపు

సందేహాస్పదమైన సైనిక కథను పరిశీలించేటప్పుడు ‘ఇది జరిగిందా’ అన్న ప్రశ్నతోపాటు ‘కథ ఎక్కడ ఆగింది, ఆగిన చోటు తర్వాత ఎవరున్నారు’ అన్న ప్రశ్న కూడా అవసరం. మొదటి ప్రశ్న ఒక్కటే వేస్తే తూలా ఘటన కోత అవుతుంది, హోహెన్‌ఫెల్స్ నవ్వు నిజమవుతుంది. రెండు నిర్ణయాలూ తప్పే.

భారతీయ సందర్భంలో ఈ అధ్యయనానికి విస్తృతమైన క్షేత్రం ఉంది. ఏడు టన్నుల తరగతి బరువును ఐఎల్-76 విమానం నుంచి దించే పీ-7 వ్యవస్థను ఆగ్రాలోని రక్షణ పరిశోధన సంస్థ రూపొందించింది. 1971 డిసెంబరు 11న టాంగైల్ వద్ద పారాచూట్లతో దిగిన సుమారు 700 మంది సైనికులు అప్పటి విదేశీ వార్తల్లో 5,000 మందిగా మారారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మిలిటరీ మాధవరం వంటి గ్రామాల్లో తరతరాల సైనిక జ్ఞాపకాలున్నాయి. విశ్రాంత సైనికుల మౌఖిక కథనాలను పాఠాంతరాలతో సహా సేకరించేటప్పుడు, నవ్వు ఆగిన తర్వాత కథకుడు మౌనంగా ఉన్న క్షణాన్ని కూడా పరిశోధకుడు నమోదు చేయాలి. తుంచివేసిన పర్యవసానం తరచుగా ఆ మౌనంలోనే దొరుకుతుంది.