తోమిన కటారి

పాత పిడిబాకును చింతపండుతో తోమి, గరుకు కాగితంతో రుద్ది, ఆ తళతళనే ప్రాచీనతకు రుజువుగా చూపి అమ్మే ధోరణి ఈ వారం మళ్లీ కంటబడింది గనుక, తుప్పును వెనకేసుకురావడం ఈ శీర్షికకు పాత జబ్బని ఎరిగిన పాఠకులు మరోసారి ఓర్చుకోక తప్పదు. ఆయుధం ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పే ఆనవాళ్లు చాలావరకు పైపొరలోనే ఉంటాయి.

పక్క కడ్డీల మధ్య అడ్డంగా ఉన్న పట్టును పిడికిట బిగించి పొడిచే కటారిని ఆకారం చూసి ఎవరైనా గుర్తిస్తారు గానీ, దక్షిణాది కటారులు కొన్నింటికి ఐరోపా కత్తుల అలుగులను, అంటే కోసే రేకులను, కత్తిరించి అతికించారు కాబట్టి పిడి వయసు, అలుగు వయసు వేరువేరుగా తేల్చవలసి వస్తుంది. మొఘలులు ఆదోనిని గెలిచిన తరువాత, 1689 ప్రాంతంలో, బికనీర్ పాలకుడు అనూప్ సింగ్ వెంట తరలిపోయిన ఆయుధాలను నేటికీ పోల్చగలుగుతున్నామంటే, పిడులపై చుక్కచుక్కగా పొడిచిన దేవనాగరి అక్షరాలే కారణం. నాలుగుసార్లు గట్టిగా రుద్దితే ఆ చుక్కలు అరిగి, ఆదోని పేరూ చెరిగిపోతుంది. పనిముట్లదీ ఇదే కథ. పాత ఆకురాయిని కొలిమిలో కాచి కత్తిగా సాగదీసినప్పుడు దాని పళ్ల గీతలు ఒక్కోసారి అలుగు మీద మిగులుతాయి, వాటిని నునుపు చేస్తే ఆ ఇనుము పూర్వజన్మ తెలియదు. బాడిస కామ మారడం సహజం కనుక, వడ్రంగి చేతివాటం పదును అరిగిన మూలలోనే వెతకాలి.

అయితే ఊట్జ్ ఉక్కు దగ్గర ఈ వాదం నిలవదు. మూసలో కరిగించి తీసే ఈ ఉక్కుకు నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం పేరుపడింది. 19వ శతాబ్ది తొలినాళ్లలో హెన్రీ వోయ్‌సే అక్కడి కొలిమి పనిని గ్రంథస్థం చేశాడు, ఇస్ఫహాన్ వర్తకులు దానికోసం అంతదూరం వచ్చేవారు. సుమారు 1.5 శాతం కర్బనం గల ఈ లోహంలో గట్టి కణాలు బారులు తీరి ఉంటాయి. అలుగును నునుపు చేసి అన్నభేది వంటి ఇనుప లవణపు ద్రావణం పూసినప్పుడు చుట్టూ ఉన్న ఇనుము నల్లబడి, ఆ బారులు నీటి అలల్లా తేలుతాయి. ఆనాటి ఆయుధశాలల్లో అలుగులను ఆ అలలు కనిపించేలాగే ఉంచేవారు. ఇప్పుడు ఆ అలలను కప్పేసిన నలుపు చాలావరకు తరువాతి నిర్లక్ష్యం. పైగా ఆమ్లంతో పైపైన గీసిన దొంగ అలలు నునుపు చేస్తే మాయమవుతాయి, లోహంలో పుట్టిన అలలు ద్రావణం తగలగానే తిరిగి వస్తాయి. అందువల్ల అనుభవజ్ఞుడైన సంరక్షకుడు అలుగు మీద అంగుళం మేర తుప్పు తీయడాన్ని ఈ శీర్షిక ఇకపై అడ్డుకోదు. పిడి జోలికి మాత్రం ఆయన కూడా పోకూడదు.