ముహూర్తం దాకా నిలవని ఉంగరాలు

బందరులో పెళ్లి. ముహూర్తం అర్ధరాత్రి. సాయంత్రం ఆరింటికి పార్లర్ అమ్మాయి పెళ్లికూతురి చెల్లెళ్లందరికీ వరసగా జుట్టు ఉంగరాలు తిప్పితే, జీలకర్ర బెల్లం వేళకి ఒక్కటీ మిగల్లేదు. "చవక మెషిన్ అయుంటుంది పిన్నీ" అని తేల్చేశారు పిల్లలు.

మెషిన్ పాపమేం లేదు. వెంట్రుకలో కెరాటిన్‌ను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు వేడికి విడిపోతాయి, చల్లారుతూ కొత్త వంపులో కలుస్తాయి. తేమ తగిలితే మళ్లీ విడిపోతాయి. బందరు గాలిలో తేమకేం కొదవ? తిప్పిన పాయను చల్లారేదాకా చుట్టగానే ఉంచి క్లిప్పు పెడితే కాస్త నిలుస్తుంది. వెనక అంతమంది కాచుక్కూర్చుంటే ఆ అమ్మాయికి తీరికేదీ?

మా అక్క రోజుల్లో ఈ మెషిన్లు లేవు, ఇస్త్రీ పెట్టె ఉంది. బల్ల మీద చెంప ఆనించి, జుట్టు పరిచి, పైన నాన్న పాత పంచె కప్పి, "లాగవే" అనేది నాతో. లాగేముందు పెట్టెను పాత వారపత్రిక మీద ఆనించి చూడాలి. కాగితం గోధుమరంగుకి తిరిగితే ఆగాలి. అమ్మ వంటింట్లోంచే వాసన పట్టేసి తిట్లు లంకించుకునేది. మాకంటే ఎంతో ముందే, 1870ల్లో పారిస్‌లో మార్సెల్ గ్రాటో అనే క్షురకుడు గ్యాసు మంట మీద కాల్చిన పటకారుతో ఆడవాళ్ల జుట్టుకు అలలు తెప్పించాడు, 1920ల దాకా అదే ఫ్యాషన్. ఆ పటకారు వేడినీ కాగితం మీదే చూసేవారట. ఈ సంగతి చదివినప్పుడు అక్కకు ఫోన్ చేశాను, పొంగిపోయింది.

ఇక "ఈ కాల్చుకోవడాలేమిటి, హాయిగా జడేసుకోండర్రా" అని ముగిద్దామనుకున్నాను. కానీ తలంటు తర్వాత తడి జుట్టుకు జడేసి పడుకుంటే పొద్దున అలలు దిగేవి కదా, అవీ ఆ బంధాల పనే. పైగా ఏళ్ల తరబడి బిగించి లాగి వేసిన జడలతో నుదుటి పైన జుట్టు పలచబడినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. అప్పుడప్పుడు, వేడి అదుపులో పెట్టుకుని తిప్పే మెషినే నయం.

కొంటే పెట్టె మీద సెరామిక్, టూర్మలీన్, టైటానియం అని రాసినవి కాదు, వేడిని అంకెల్లో చూపించి తగ్గించుకోనిచ్చేది కొనండి. ఆన్, ఆఫ్ తప్ప మరో మీట లేనిదాని జోలికి పోకండి. సన్నజుట్టుకు 150 డిగ్రీలు, ఒత్తుజుట్టుకు 180 చాలు. 230 దాకా పోతుందని షాపువాడు గొప్పగా చెబుతాడు, ఆ వేడితో మనకు పనిలేదు. తడితల మీద అసలు పెట్టొద్దు: లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు లేస్తాయి, అక్కడే తెగుతుంది. తల ఆరబెట్టుకునే తీరిక లేకపోతే ఆ పూటకి వదులుగా జడేసుకోండి.